ఒక చక్రం తిరుగుతుంది, బండి కదలదు



వానలు పడ్డాక డొంక దారిలోనో, పొలం పక్క పుంతలోనో ఎస్‌యూవీ దిగబడి ఉండడం మీలో చాలామంది చూసే ఉంటారు. వెనక చక్రాల్లో ఒకటి బురద చిమ్ముతూ గిర్రున తిరుగుతుంటుంది. రెండోది గట్టి నేల మీదే ఉంటుంది, కానీ ఉలకదు, పలకదు. చుట్టూ చేరినవాళ్లు ఇంకా రేసు ఇవ్వమంటారు. ఇచ్చినకొద్దీ తిరిగే చక్రం మరింత లోతుకు పోతుంది. చివరికి ఊళ్లోంచి ట్రాక్టరు వచ్చి గొలుసు కట్టి లాగితే తప్ప బండి బయటపడదు. లక్షలు పోసి కొన్న బండి, వందకు పైగా గుర్రాల బలమున్న ఇంజిను, గట్టి నేల మీద ఉన్న ఆ ఒక్క చక్రాన్ని ఎందుకు తిప్పలేకపోయింది?

దీనికి జవాబు వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే ఇనుప డబ్బాలో ఉంది. దాన్ని డిఫరెన్షియల్ అంటాం. దాని స్వభావాన్ని కొంత మార్చి, ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందేలా చేసిన రకాన్ని లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అంటాం, పొట్టిగా ఎల్‌ఎస్‌డీ. షోరూమ్ కాగితాల్లో ఈ మాట కనిపిస్తుంది. దాన్ని వివరించి చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు అసలు డిఫరెన్షియల్ ఎందుకు పుట్టిందో చూడాలి. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలివైపు చక్రం చిన్న వలయంలో నడుస్తుంది, బయటివైపు చక్రం పెద్ద వలయంలో నడుస్తుంది. రెండు చక్రాల మధ్య దూరం మీటరున్నర అనుకోండి. బండి ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే దాదాపు 9.4 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. వలయం చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. ఒక వీధిలోంచి పక్క వీధిలోకి తిరగడం అంటే చుట్టులో నాలుగో వంతు. అంటే 2.35 మీటర్ల తేడా. మామూలు ఎస్‌యూవీ టైరు చుట్టుకొలత కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. కాబట్టి వీధి మలుపు తిరిగిన ప్రతిసారీ బయటి చక్రం లోపలి చక్రం కంటే ఒక పూర్తి చుట్టు ఎక్కువ తిరగాలి. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే అది కుదరదు. తారు రోడ్డు మీద టైర్లు ఈడ్చుకుపోతాయి, ఇరుసు మెలిపడుతుంది.

ఈ చిక్కును విడదీసినవాడిగా ఫ్రాన్సుకు చెందిన ఒనెసిఫోర్ పెక్కర్ పేరు చెబుతారు. గడియారాలు చేసే పనిలో ఆరితేరినవాడు. 1827 ప్రాంతంలో ఆవిరి బండి కోసం ఆయన ఈ గేర్ల అమరికకు పేటెంటు తీసుకున్నాడు. పెట్రోలు కారు అప్పటికి ఇంకా పుట్టనే లేదు. ఈనాటికీ మన బండ్లలో ఎక్కువ భాగం ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి.

లోపల అమరిక ఇలా ఉంటుంది. ఇంజిను నుంచి వచ్చిన ప్రొపెల్లర్ షాఫ్టు చివర చిన్న పినియన్ ఉంటుంది. అది పళ్లెంలాంటి పెద్ద క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. క్రౌన్ వీల్‌కు ఒక గూడు బిగించి ఉంటుంది. గూటిలో స్టార్ పినియన్లు అనే చిన్న గేర్లు, వాటికి అటూ ఇటూ రెండు సన్ గేర్లు. ఒక్కో సన్ గేరు నుంచి ఒక్కో చక్రానికి షాఫ్టు వెళుతుంది. బండి తిన్నగా పోతుంటే గూడు మొత్తం ఒకే ముద్దగా తిరుగుతుంది. మలుపులో స్టార్ పినియన్లు తమ చుట్టూ తాము కొంచెం తిరిగి, లోపలి చక్రం వేగం ఎంత తగ్గిందో బయటి చక్రానికి అంత పెంచుతాయి.

ఇక్కడ ఒక్క విషయం బాగా పట్టుకోవాలి. స్టార్ పినియన్ పని అచ్చం ఎద్దుల కాడి పనే. కాడిని నడిమధ్యన కట్టి బరువు లాగిస్తున్నాం. రెండు ఎడ్లూ సమంగా లాగితే బరువు కదులుతుంది. ఒకటి మెడ వాల్చేసిందనుకోండి, రెండోది ఎంత బలమైనదైనా దాని వైపు కాడి ముందుకు పోతుంది, కాడి అడ్డం తిరుగుతుంది, బరువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బలహీనమైన ఎద్దు ఎంత లాగగలదో బలమైన ఎద్దు నుంచి కూడా అంతే వస్తుంది. మామూలు డిఫరెన్షియల్‌ను ఓపెన్ డిఫరెన్షియల్ అంటారు. అది రెండు చక్రాలకూ ఎప్పుడూ సమానమైన బలమే ఇస్తుంది. జారే చక్రానికి బలమంతా పోతుందని చాలామంది అంటారు గానీ, అక్కడికి పోయేది వేగం. బలం రెండింటికీ ఒక్కటే, ఆ ఒక్కటీ బురదలో ఉన్న చక్రం నిర్ణయిస్తుంది.

దీన్ని అంకెల్లో పెడదాం. ఈ అంకెలు లెక్క తేలిగ్గా రావడానికి పెట్టుకున్నవి. బురదలో ఉన్న చక్రం 20 కిలోల లాగుడుకే జారిపోతుంది. గట్టి నేల మీది చక్రం 300 కిలోల దాకా పట్టు నిలుపుకోగలదు. బండి ఆ గుంతలోంచి బయటికి రావడానికి 150 కిలోల లాగుడు కావాలి. ఓపెన్ డిఫరెన్షియల్ ఉంటే బురద చక్రం 20, గట్టి చక్రం కూడా 20. మొత్తం 40. ఇంజిను ఎంత గర్జించినా ఈ 40 పెరగదు. ఈ లెక్కను గుర్తుంచుకోండి, తరవాత చెప్పబోయే ప్రతి రకాన్నీ దీంతోనే కొలుద్దాం.

మరి ఫోర్ బై ఫోర్ అయితే? వెనక ఇరుసులోనూ ముందు ఇరుసులోనూ ఓపెన్ డిఫరెన్షియళ్లే ఉంటే, ముందు చక్రాల్లో ఒకటి, వెనక చక్రాల్లో ఒకటి జారితే చాలు, బండి నిలిచిపోతుంది. ఎత్తుపల్లాల దారిలో ఎదురెదురు మూలల చక్రాలు రెండు గాల్లోకి లేచినప్పుడు జరిగేది ఇదే. వెనక తలుపు మీద ఫోర్ బై ఫోర్ అని రాసి ఉన్నంత మాత్రాన నాలుగు చక్రాలూ లాగుతాయని నమ్మకూడదు. పైగా ఇవాళ ఎస్‌యూవీ పేరుతో అమ్ముడయ్యే బండ్లలో చాలా వాటికి ఆ రాత కూడా ఉండదు. క్రెటా, నెక్సాన్ వంటివి మన దేశంలో ముందు చక్రాలతోనే లాగుతాయి. అవి మంచి బండ్లే. కానీ నేల నుంచి ఎత్తుగా ఉండడం వేరు, బురదలోంచి లాక్కురావడం వేరు.

ఇక్కడ మన ట్రాక్టరు డ్రైవర్లను తలుచుకోకుండా ముందుకు పోలేను. ఈ చిక్కు వాళ్లకు కొత్త కాదు. చాలా ట్రాక్టర్లలో సీటు దగ్గర, మడమతో తొక్కేలా ఒక చిన్న పెడల్ ఉంటుంది. అది డిఫరెన్షియల్ లాక్. తొక్కితే రెండు పెద్ద చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టు కలిసి తిరుగుతాయి. దానికి తోడు, ట్రాక్టరుకు ఎడమ చక్రానికి ఒక బ్రేకు పెడల్, కుడి చక్రానికి ఒక బ్రేకు పెడల్ విడివిడిగా ఉంటాయి. రోడ్డెక్కినప్పుడు రెండింటినీ కొక్కెంతో కలిపేస్తారు. చేలో ఉన్నప్పుడు విడదీస్తారు. గట్టు దగ్గర చిన్న చోట మళ్లించడానికి ఆ ఏర్పాటు. అయితే దమ్ము చేసేటప్పుడో, రేగడి నేలలోనో ఒక చక్రం ఉత్తినే తిరుగుతుంటే అనుభవమున్న డ్రైవరు ఆ వైపు బ్రేకు ఒక్కటే మెల్లగా నొక్కుతాడు. తిరిగే చక్రానికి అడ్డు తగిలింది కాబట్టి రెండో చక్రానికి బలం పుడుతుంది, ట్రాక్టరు కదులుతుంది. కోట్లు ఖర్చు పెట్టి కార్ల కంపెనీలు కంప్యూటర్లతో చేయిస్తున్న పని సరిగ్గా ఇదే. ఆ డ్రైవరు పాదానికి ఉన్న తెలివికి మనం ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వలేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

కార్లలో ఈ ప్రయత్నం పందేల దగ్గర మొదలైంది. 1930లలో జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షే రూపొందించిన ఆటో యూనియన్ పందెపు కారుకు బలం ఎక్కువై, గంటకు 160 కిలోమీటర్ల వేగంలో కూడా వెనక చక్రాల్లో ఒకటి జారి గింగిరాలు తిరిగేది. దాన్ని అదుపు చేయడానికి ఆయన 1935లో జడ్‌ఎఫ్ అనే కంపెనీ చేత లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ చేయించాడు. అమెరికాలో 1956లో ప్యాకార్డ్ కంపెనీ మామూలు జనం కొనే కార్లలో దాన్ని ఇచ్చింది. ఆ తరవాత పికప్ ట్రక్కులకూ, జీపుల్లాంటి బండ్లకూ పాకింది.

ఇక వీటిలో మొదటి పద్ధతి క్లచ్ ప్లేట్ల పద్ధతి. గూటిలో సన్ గేరు పక్కన పలచటి ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఒకటి విడిచి ఒకటి గూటికి పట్టుకుని ఉంటుంది, మిగిలినవి సన్ గేరుకు పట్టుకుని ఉంటాయి. ఇంజిను బలం పడ్డప్పుడు గేర్లు ఒకదాన్నొకటి పక్కకు నెట్టుకుంటాయి, ఆ నెట్టుడుకు ప్లేట్లు బిగుసుకుంటాయి. చాలా వాటిలో స్ప్రింగులు కూడా ఉండి, ఎప్పుడూ కొంత బిగువు నిలిపి ఉంచుతాయి. రాపిడి వల్ల ఒక చక్రం మరీ వేగంగా తప్పించుకుపోలేదు. ఒకప్పటి టాటా సఫారీ స్టార్మ్ పై రకాల్లో ఎల్‌ఎస్‌డీ అని రాసి ఉండేది, పాత బండ్లు కొనేవాళ్లు అడిగి తెలుసుకోవాల్సిన విషయం అది. స్ప్రింగుల బిగువు ఉండడం వల్ల ఒక చక్రం పూర్తిగా గాల్లో ఉన్నా రెండోదానికి ఎంతో కొంత బలం అందుతుంది. లోపం ఏమిటంటే, ప్లేట్లు అరుగుతాయి. అరిగిపోయిన ఎల్‌ఎస్‌డీ ఓపెన్ డిఫరెన్షియల్‌తో సమానం, అది అరిగిన సంగతి మాత్రం బురదలో దిగాకే బయటపడుతుంది.

రెండో పద్ధతి గేర్లతోనే చేసేది. అమెరికాకు చెందిన వెర్నన్ గ్లీస్‌మన్ 1958లో దీనికి పేటెంటు పొందాడు. టార్సెన్ అనే పేరుతో ప్రసిద్ధమైంది. ఇందులో ప్లేట్లు ఉండవు. మెలిపళ్ల గేర్లు ఉంటాయి. స్క్రూను తిప్పితే గేరు తిరుగుతుంది గానీ, గేరును తిప్పితే స్క్రూ అంత సులువుగా తిరగదు కదా, ఆ మొండితనమే దీని కిటుకు. జారే చక్రం ఎంత బలం తీసుకుంటుందో దానికి ఇన్ని రెట్లు రెండో చక్రానికి ఇస్తుంది. మూడు రెట్లు ఇచ్చేదనుకుందాం. మన లెక్కలో బురద చక్రం 20, గట్టి చక్రం 60, మొత్తం 80. ఓపెన్ డిఫరెన్షియల్‌కు రెట్టింపు వచ్చింది, కానీ 150 అందలేదు. ఇక బురద చక్రం గాల్లోకి లేచిపోతే? సున్నాకు మూడు రెట్లు సున్నాయే.

అమెరికా సైన్యం వాడే హమ్వీ వాహనానికి ముందూ వెనకా ఇలాంటివే ఉంటాయి. దాన్ని నడిపేవాళ్లకు ఒక పద్ధతి నేర్పుతారు: చక్రం జారితే ఎక్సలరేటర్ అలాగే ఉంచి, రెండో పాదంతో బ్రేకు మెల్లగా నొక్కమంటారు. ఆపడానికి తొక్కే బ్రేకు ముందుకు ఎలా నడుపుతుంది? మన లెక్కలోకే వెళదాం. బ్రేకు వల్ల ఒక్కో చక్రానికి 40 కిలోల అడ్డు పడిందనుకోండి. బురద వైపు షాఫ్టు మీద ఇప్పుడు 20, 40 కలిపి 60. రెండో వైపుకు మూడు రెట్లు, 180. అందులో 40 అక్కడి బ్రేకు తినేస్తుంది, 140 మిగులుతుంది. బురద చక్రం 20 కలిపితే 160. మనకు కావలసింది 150. బండి బయటపడింది.

ఈ లెక్క చేశాక మన మెకానిక్కుల్లోనూ డ్రైవర్లలోనూ ఎప్పటినుంచో ఉన్న ఒక మాట గురించి చెప్పాలి. చక్రం జారితే హ్యాండ్ బ్రేకు కొంచెం లాగి రేసు ఇవ్వమంటారు. ఎల్‌ఎస్‌డీ ఉన్న బండిలో, హ్యాండ్ బ్రేకు వెనక చక్రాల మీద పనిచేసేదైతే, అది నిజమే. కానీ ఓపెన్ డిఫరెన్షియల్ ఉన్న బండిలో అదే పని చేస్తే ఏమవుతుంది? బురద వైపు 20, 40 కలిపి 60. రెండో వైపూ సరిగ్గా 60. అందులో 40 బ్రేకు తినేస్తే మిగిలేది మళ్లీ 20. మొదట ఎంత ఉందో అంతే. లోపలి గేర్ల రాపిడి వల్ల రవ్వంత లాభం ఉంటే ఉండవచ్చు, అంతకు మించి ఒరిగేదేమీ ఉండదు. బ్రేకు లైనింగులు కాలడం మాత్రం ఖాయం. ట్రాక్టరులో ఈ కిటుకు పనిచేయడానికి కారణం అక్కడ ఒక్క వైపు బ్రేకే పడడం.

ఆ ఒక్క వైపు బ్రేకునే కంప్యూటరు చేత వేయించడం మూడో పద్ధతి. ప్రతి చక్రం దగ్గరా ఏబీఎస్ కోసం వేగం కొలిచే సెన్సరు ఎలాగూ ఉంటుంది. ఒక చక్రం మిగతావాటికంటే వేగంగా తిరుగుతోందని తెలియగానే కంప్యూటరు ఆ చక్రానికి మాత్రమే బ్రేకు వేస్తుంది. 2023లో మన మార్కెట్లోకి వచ్చిన మారుతీ జిమ్నీలో ఉన్నది ఇదే. కంపెనీ దాన్ని బ్రేక్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అంటుంది. ఇరుసు లోపల మాత్రం మామూలు ఓపెన్ డిఫరెన్షియలే ఉంటుంది. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. తేలికైన బండికి, సరిగ్గా వాడేవాడికి ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ దానికి ఒక షరతు ఉంది. బురద చక్రానికి 110 కిలోల బ్రేకు పడితే ఆ వైపు 130, రెండో వైపు 130. నేల మీద పడేది 20, 130 కలిపి 150. ఇంజిను ఇవ్వాల్సింది మాత్రం 260. ఆ 110 బ్రేకు దగ్గర వేడైపోతుంది. అందుకే ఎక్సలరేటర్ మీద పాదం నిలకడగా ఉంచాలి. చక్రం జారగానే భయపడి పాదం తీసేస్తే కంప్యూటరు కూడా బ్రేకు వదిలేస్తుంది. గడగడమని చప్పుడొస్తుంది, అది బ్రేకు వేసి వదలడం వల్ల వచ్చే చప్పుడు. రెండు మూడు క్షణాలు ఓపిక పట్టాలి. ఎక్కువ సేపు ఇలా నడిపితే బ్రేకులు వేడెక్కుతాయి, చాలా బండ్లలో కంప్యూటరే కాసేపు ఈ పని మానేస్తుంది.

నాలుగోది మన దగ్గర బాగా ప్రచారంలో ఉన్నది. మహీంద్రా థార్ కొన్ని రకాల్లోనూ, బొలెరో నియో పై రకంలోనూ వచ్చిన మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్. ఈటన్ కంపెనీ రూపకల్పన, పొట్టిగా లాకరు అంటారు. మామూలుగా ఓపెన్ డిఫరెన్షియల్ లాగే ఉంటుంది. రెండు చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే, లోపలున్న చిన్న బరువులు విసురుకు బయటికి విచ్చుకుని ఒక కొక్కేనికి తగులుతాయి. దాంతో లోపలి ప్లేట్లు బిగుసుకుని రెండు చక్రాలూ పూర్తిగా ఒకటైపోతాయి. అప్పుడు మన లెక్కలో పరిమితి 20కి రెట్టింపో మూడు రెట్లో కాదు. గట్టి నేల ఎంత పట్టు ఇస్తే అంతా, 300 దాకా వాడుకోవచ్చు. బండి వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటాక అది లాక్ కాకుండా ఏర్పాటు ఉంటుంది. వేగంలో లాకయితే బండి అదుపు తప్పుతుంది కాబట్టి.

దీన్ని వాడేవాళ్లు ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. చక్రం జారడం మొదలవగానే పాదం తీసేస్తారు. మిగతా బండ్లలో అది మంచి అలవాటే. ఇక్కడ మాత్రం చక్రం ఒక్క క్షణం తిరగనివ్వాలి, లేకపోతే ఆ తేడా ఏర్పడదు, లాక్ పడదు. మెల్లగా, నిలకడగా ఎక్సలరేటర్ నొక్కితే లోపల ఠక్కుమని ఒక దెబ్బ వినిపిస్తుంది, బండి ముందుకు కదులుతుంది. ఆ చప్పుడు విని ఇరుసు విరిగిందని సర్వీసు సెంటరుకు పరిగెత్తేవాళ్లున్నారు. అది లాక్ పడిన చప్పుడు. అలాగని రేసు బలంగా ఇచ్చి, చక్రం వెర్రిగా తిరుగుతుండగా లాక్ పడనిస్తే నిజంగానే షాఫ్టుకు దెబ్బ. మధ్యస్థంగా ఉండే ఆ పాదం ఖాళీ మైదానంలో సాధన చేస్తేనే వస్తుంది.

చేత్తో వేసే లాకులు కూడా ఉన్నాయి. ఫోర్స్ గుర్ఖాకు ముందూ వెనకా రెండు ఇరుసులకూ ఉంటాయి. వీటిని దిగబడ్డాక గాక, దిగబడేలా ఉందని తెలియగానే, బండి ఆపి, స్టీరింగు తిన్నగా ఉంచి వేయాలి. గట్టి రోడ్డు రాగానే తీసేయాలి. లాక్ వేసి ఉండగా తారు రోడ్డు మీద మలుపు తిరిగితే, ఇందాక చెప్పిన 2.35 మీటర్ల తేడా ఎక్కడికి పోతుంది? టైరు మీదికీ షాఫ్టు మీదికీ పోతుంది. జిగురైన సిలికాన్ ద్రవంతో పనిచేసే విస్కస్ రకం కూడా ఒకటి ఉంది గానీ, ఆలస్యంగా స్పందిస్తుంది, వేడెక్కుతుంది, ఈ రోజుల్లో అరుదు.

చూశారా, ఒక్కో రకం మన పాదాన్ని ఒక్కో పని అడుగుతోంది. ఒకటి నిలకడగా నొక్కమంటుంది, ఒకటి కాసేపు తిరగనివ్వమంటుంది, ఒకటి బ్రేకు కూడా కలపమంటుంది, ఓపెన్ డిఫరెన్షియల్ అయితే పాదం పూర్తిగా తీసేయమంటుంది. అందులో ఇంకా రేసు ఇస్తే గొయ్యి లోతు కావడం తప్ప ఏమీ కాదు, దిగి టైరు కింద రాళ్లో గోనెపట్టాలో వేయడమే మార్గం. కాబట్టి బండి కొనేటప్పుడు ఎల్‌ఎస్‌డీ ఉందా అని అడిగి ఊరుకోకండి. ఏ రకం, ఏ ఇరుసులో, ఏ వేరియంటులో అని అడగండి. ఒకే పేరున్న బండిలో పై రకానికి ఉండి కింది రకానికి లేకపోవడం మామూలే. అమ్మేవాళ్లు చెప్పలేకపోతే ఓనర్స్ మాన్యువల్ తెప్పించుకుని చూడండి.

ఇక ఎల్‌ఎస్‌డీ ఉంటే ప్రమాదమే ఉండదనుకునేవాళ్లకు రెండు మాటలు. తడి ఘాట్ రోడ్డు మీద మలుపులో ఎక్సలరేటర్ ఎక్కువ తొక్కితే ఓపెన్ డిఫరెన్షియల్ బండిలో లోపలి చక్రం ఒక్కటే జారుతుంది, బయటి చక్రం బండిని పట్టి ఉంచుతుంది. ప్లేట్లు బాగా బిగువుగా ఉన్న ఎల్‌ఎస్‌డీలో రెండూ కలిసి జారవచ్చు, అప్పుడు బండి తోక బయటికి విసురుకుపోతుంది. అరకు ఘాట్లోనో శ్రీశైలం ఘాట్లోనో చినుకుల్లో దిగేటప్పుడు ఇది గుర్తుండాలి. బ్రేకు వేసినప్పుడు బండి తొందరగా ఆగడానికి ఇదేమీ సాయపడదు. అరిగిన టైర్లకు పట్టు తెచ్చిపెట్టదు. రెండో మాట మరీ ముఖ్యం. ప్రతి వానాకాలం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పొంగే వాగుల్లోకి కార్లు దించి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. నీటి ఉద్ధృతి బండిని పైకి తేల్చేసినప్పుడు నాలుగు చక్రాలకూ పట్టు ఉండదు. అప్పుడు ఇరుసులో ఏముందన్నది పనికిరాని ప్రశ్న. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే ఆగండి, వెనక్కి తిరగండి. పెద్ద బండి ఉందన్న ధైర్యంతో దిగవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

నిర్వహణ విషయానికి వస్తే, క్లచ్ ప్లేట్ల ఎల్‌ఎస్‌డీకి వేసే ఆయిలు వేరు. మామూలు గేరు ఆయిలులో ప్లేట్లు పట్టి వదులుతూ ఉంటాయి, చిన్న మలుపుల్లో వెనక నుంచి కటకటమని చప్పుడు, అదురు వస్తాయి. అలా వస్తే డిఫరెన్షియల్ పోయిందని విప్పించకుండా ముందు ఆయిలు మార్పించండి. డబ్బా మీద గ్రేడుతో పాటు ఎల్‌ఎస్ అన్న అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి. కొన్నిటికి విడిగా ఒక మందు కలపాలి, అదీ మాన్యువల్‌లో చెప్పినంతే. ఎక్కువ కలిపితే ప్లేట్లు నున్నగా జారిపోయి ఎల్‌ఎస్‌డీ ఉన్నా లేనట్టే అవుతుంది. ఈటన్ లాకరుకు ఏ ఆయిలు వేయాలో కంపెనీ చెప్పింది తప్ప ఇంకొకటి వేయించవద్దు, వాడకం తెలియని చోట ఎల్‌ఎస్ ఆయిలు అన్నిటికీ మంచిదే కదా అని పోసేస్తుంటారు. టైర్ల సంగతి కూడా ఇందులోదే. ఒకే ఇరుసు మీద ఒకటి కొత్త టైరు, ఒకటి అరిగిన టైరు వేస్తే రెండింటి చుట్టుకొలతలు వేరు. తిన్నటి రోడ్డు మీద కూడా ప్లేట్లు రోజంతా ఒరుసుకుంటూనే ఉంటాయి. వెనక టైర్లు జతగా మార్చండి.

పాత బండి కొంటున్నప్పుడు లోపల ఏముందో తెలుసుకోవడానికి మెకానిక్కులు ఒక పరీక్ష చేస్తారు. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక రెండు చక్రాలనూ స్టాండ్ల మీదికి లేపి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వదిలి, ఫోర్ బై ఫోర్ అయితే టూ వీల్ డ్రైవులో పెట్టి ఒక చక్రాన్ని చేత్తో తిప్పుతారు. రెండోది ఎదురు దిశలో సులువుగా తిరిగితే ఓపెన్. అదే దిశలో తిరిగితేనో, తిప్పడానికి బాగా బలం పడితేనో క్లచ్ ప్లేట్లు ఉన్నాయి, ఇంకా బతికే ఉన్నాయి. టార్సెన్, ఈటన్ లాకరు ఈ పరీక్షకు దొరక్కపోవచ్చు, చేత్తో తిప్పినప్పుడు అవి ఓపెన్ లాగే కనిపిస్తాయి.

ఈ పరీక్షలో ఇంజిను స్టార్ట్ చేయరు, చేయకూడదు. పంక్చరు వేసే చోట కూడా ఇదే జాగ్రత్త. ఓపెన్ డిఫరెన్షియల్ బండిని ఒక వెనక చక్రం జాకీ మీద లేపి, గేరు వేసి తిప్పి చూసే అలవాటు కొందరికి ఉంటుంది. గాల్లో ఉన్న చక్రం తిరుగుతుంది, కింద ఉన్నది కదలదు. ఎల్‌ఎస్‌డీ గానీ లాకరు గానీ ఉన్న బండిలో అదే పని చేస్తే కింద ఉన్న చక్రానికి కూడా బలం అంది, బండి జాకీ మీద నుంచి ముందుకు దూకుతుంది. పక్కన కూర్చుని నట్లు విప్పుతున్న మనిషి మీదికే వస్తుంది. మీ బండిలో ఈ పరికరం ఉంటే పంక్చరు షాపులో బండి దిగుతూనే ఆ మాట అతనికి చెప్పండి, తాళంచెవి తీసి జేబులో పెట్టుకోండి.